దుఃఖంలో ఉన్న పిల్లవాని ప్రశ్నకు తలుపు మూయవద్దు

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహాబీలందరిపైన శాంతి శుభాలు వర్షించుగాక!



మన మొహల్లాలో ఎవరైనా మరణిస్తే జనాజా నమాజుకు వరుసలు నిండుతాయి. ఖబ్రస్తాన్ దాకా భుజం పట్టేవారికి కొదవ ఉండదు. మూడు రోజులపాటు ఆ ఇంటికి ఇరుగుపొరుగు నుండి భోజనం వస్తుంది. ఇవన్నీ పుణ్యకార్యాలే. వీటికి అల్లాహ్ మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక. అయితే అదే ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడి అన్నీ చూస్తున్న ఎనిమిదేళ్ల పిల్లవానిపై మన చూపు ఎంతసేపు నిలుస్తుంది? పెద్దవారిని పరామర్శించడానికి మనకు మాటలు ఉన్నాయి, మర్యాదలు ఉన్నాయి. పిల్లవానికి మాత్రం తల నిమిరి, చేతిలో ఒక బిస్కెట్ పొట్లం పెట్టి బయటకు పంపుతాం. కొన్నేళ్ల తర్వాత ఆ పిల్లవాడు నమాజు వరుసలో కనిపించకపోతే ఆశ్చర్యపోతాం. తండ్రి అంత దైవభీతిపరుడు, కొడుకు ఇలా అయ్యాడేమిటని చెప్పుకుంటాం. అతని హృదయంలోని దీపం ఎప్పుడు మసకబారడం మొదలైందో, దానిలో మన పాలు ఎంతో ఈ శుక్రవారం ఆలోచిద్దాం.

దుఆల మాసంలో వచ్చిన మరణాలు

ఈ విషయం మన వరంగల్‌కు కొత్త కాదు. 2021వ సంవత్సరాన్ని గుర్తుచేసుకోండి. ఆ ఏడు ఏప్రిల్ 14న మన దేశంలో రమజాన్ మొదలైంది. కోవిడ్ రెండో అల ఉధృతమైన రోజులు కూడా అవే. చుట్టుపక్కల జిల్లాల నుండి రోగులు మన ఎం.జి.ఎం. ఆసుపత్రికి వచ్చారు. మే 12న రాష్ట్రంలో లాక్‌డౌన్ మొదలైంది. రెండు రోజుల తర్వాత, మే 14న, ఈదుల్ ఫిత్ర్ వచ్చింది. అది శుక్రవారం కూడా. ఈద్‌గాహ్‌లు బోసిపోగా ఇళ్లలోనే పండుగ నమాజు చేసుకున్నాం.

ఆ నెలలో ఒక పిల్లవాడు ఏమి చూసి ఉంటాడో ఊహించండి. తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇఫ్తార్ వేళ దుఆ స్వీకరించబడుతుందని మక్తబ్‌లో నేర్పారు. అతడు ప్రతి సాయంత్రం ఖర్జూరం చేతిలో పట్టుకుని తండ్రి కోసం దుఆ చేశాడు. తాఖ్ రాత్రులలో నానీతో పాటు మేలుకున్నాడు. తర్వాత ఒక రోజు కబురు వచ్చింది. తండ్రి ముఖం చూడనివ్వలేదు. గుస్ల్ జరిగిందో లేదో ఎవరూ చెప్పలేదు. చుట్టి ఉన్న జనాజాను దూరం నుండి చూపించి, ఖబ్రస్తాన్‌కు ఇద్దరు ముగ్గురు పెద్దలను మాత్రమే పంపారు. ఆ పిల్లవాని మనసులో మిగిలినది ఒకే ప్రశ్న: ‘నేను అడిగాను కదా, అల్లాహ్ ఎందుకు వినలేదు?’

ఇటువంటి పిల్లలు ఒక ఊరికే పరిమితం కాదు. 2020 మార్చి నుండి 2021 ఏప్రిల్ చివరి వరకు ప్రపంచం మొత్తంలో 15 లక్షలకు పైగా పిల్లలు తల్లినో, తండ్రినో, తమతో ఉండి పెంచుతున్న తాతనో అవ్వనో కోల్పోయారని లాన్సెట్ వైద్య పత్రిక 2021 జూలైలో అంచనా ప్రచురించింది. మన దేశంలో మే నెలలో జరిగిన మరణాలు ఆ లెక్కలో లేవు. నాడు ఎనిమిదేళ్లున్నవారు ఇప్పుడు పన్నెండు దాటారు. నమాజు, రోజా తప్పనిసరి అయ్యే వయసుకు చేరుతున్నారు, కొందరు ఇప్పటికే చేరారు. ఆనాటి ప్రశ్న మాత్రం జవాబు లేకుండా వారి వెంట నడుస్తూనే ఉంది.

చీకటి ఎలా కమ్ముకుంటుంది?

మరణం ఒక్కటే పిల్లవాని విశ్వాసాన్ని తీసుకుపోదు. మరణం తర్వాత అతడు వినే మాటలు, అతనికి ఎదురయ్యే మౌనం ఆ పని చేస్తాయి.

చిన్నపిల్లలకు మరణమంటే తిరిగిరాని ప్రయాణమని వెంటనే అర్థం కాదు. ఐదారేళ్లలోపు పిల్లవాడు తండ్రి సాయంత్రానికి వస్తాడనుకుంటాడు. తాను అల్లరి చేసినందుకే అలా జరిగిందని తనను తాను నిందించుకోవడం కూడా ఆ వయసులో ఉంటుంది. పిల్లల దుఃఖం పెద్దల దుఃఖంలా ఏకధారగా ఉండదు. కాసేపు ఏడుస్తారు, మరుక్షణం గోళీలు ఆడుకుంటారు, మళ్లీ రాత్రికి బెంగపడతారు. ఆడుకుంటున్నాడు కనుక మరచిపోయాడని పెద్దలు పొరబడతారు.

ఆ పైన మన మాటలు తోడవుతాయి. అవి చెడు ఉద్దేశంతో అనేవి కావు. ‘అల్లాహ్‌కు ఇష్టమైనవారిని త్వరగా పిలుచుకుంటాడు’ అని ఒకరంటారు. పిల్లవాడు ఆ రాత్రి నిద్రపోతున్న చెల్లెలిని చూసి, అల్లాహ్ దీనిని కూడా ఇష్టపడితే ఎలా అని భయపడతాడు. ‘మగపిల్లవాడివి, ఏడవకూడదు, సబర్ చెయ్యి’ అని మరొకరంటారు. సబర్ అంటే కన్నీళ్లు మింగడమని అతడు నేర్చుకుంటాడు. ‘మీ అబ్బా ఊరెళ్లాడు’ అని ఇంకొకరు అబద్ధమాడతారు. అది అబద్ధమని తెలిసిన రోజు, అదే నోటితో చెప్పిన స్వర్గం, పరలోకం కూడా అతని దృష్టిలో అనుమానాస్పదమవుతాయి. ‘మన పాపాలకు శిక్ష’ అని ఎవరో పెద్దాయన గట్టిగా అంటాడు. పిల్లవాడు తన పాపమేమిటో వెదుక్కుంటాడు. ‘దుఆలో లోపం ఉండి ఉంటుంది’ అన్న మాట వింటే, తండ్రి ప్రాణం తన నాలుక మీద ఆధారపడి ఉండెననీ, తానే దానిని పోగొట్టాననీ నమ్ముతాడు. అంత భారాన్ని ఏ పిల్లవాడు మోయగలడు?

చివరకు ఒక రోజు ధైర్యం చేసి తన ప్రశ్న అడుగుతాడు. ‘తౌబా, తౌబా! అట్లా అనకూడదు, ఈమాన్ పోతుంది’ అని మనం కసురుతాం. ఆ క్షణంలో అతడు గ్రహించేది ఒక్కటే: అల్లాహ్ ఇంటి మనుషుల వద్ద తన బాధకు చోటు లేదు. ఆ తర్వాత అతడు మళ్లీ అడగడు. వరుసలో నిలబడతాడు గానీ పెదవులు కదలవు. కొన్నాళ్లకు ఫజ్ర్ పోతుంది, తర్వాత జుమా పోతుంది. రాత్రంతా ఫోను వెలుగులో మేలుకుని పగలు నిద్రపోతాడు. చదువు జారిపోతుంది. తనను ప్రశ్నించని, తన ప్రశ్నను తిట్టని ఏ సహవాసం దొరికితే ఆ సహవాసంలోకి వెళతాడు. అది మంచిదా చెడ్డదా అని చూడడు.

యతీమ్, ప్రశ్నించేవాడు: పక్కపక్కన రెండు ఆజ్ఞలు

దివ్యఖుర్ఆన్‌లోని 93వ సూరా, మన పిల్లలందరికీ కంఠస్థమైన వజ్జుహా, ఈ సందర్భానికి వెలుగు చూపుతుంది. అది అవతరించిన నేపథ్యం చూడండి. దైవప్రవక్త (స) వారిపై కొంతకాలం వహీ ఆగిపోయింది. ముహమ్మద్‌ను అతని ప్రభువు విడిచిపెట్టాడని మక్కా అవిశ్వాసులు ఎగతాళి చేశారు. విడువబడ్డామన్న బాధ ఎంత గాఢమైనదో అల్లాహ్‌కు తెలుసు. అందుకే ఆ బాధను ఆయన తప్పుపట్టలేదు. పగటి వెలుగుపైన, ముసురుకున్న రాత్రిపైన ప్రమాణం చేసి, తాను తన ప్రవక్తను విడువలేదనీ, ఆయన పట్ల అసంతుష్టుడు కాలేదనీ అభయమిచ్చాడు.

ఆ పిమ్మట మూడు ఉపకారాలను గుర్తుచేశాడు. అనాథగా ఉన్నప్పుడు ఆశ్రయమిచ్చిన సంగతి మొదటిది. మార్గం కోసం అన్వేషిస్తున్నప్పుడు దారి చూపిన సంగతి రెండవది. లేమిలో ఉన్నప్పుడు సమృద్ధినిచ్చిన సంగతి మూడవది. ఈ వరుసను గమనించండి. మార్గదర్శనానికి ముందు ఆశ్రయం ప్రస్తావన వచ్చింది. నిలువ నీడ లేని పిల్లవానికి ముందుగా కావలసింది ఒక ఒడి. ఉపదేశం ఆ తర్వాతి మాట.

అటు తర్వాత రెండు నిషేధాలు పక్కపక్కనే వచ్చాయి. అనాథ పట్ల కఠినంగా ప్రవర్తించవద్దన్నది ఒకటి. అడిగేవానిని కసరి పంపవద్దన్నది రెండవది. అడిగేవాడు అనగానే మనకు మస్జిద్ మెట్ల మీది యాచకుడు గుర్తుకు వస్తాడు. అది సరైన అర్థమే. కాగా, ధర్మం గురించి ప్రశ్న అడిగేవాడు కూడా ఇందులో చేరుతాడని ముఫస్సిర్లు వివరించారు. తండ్రిని కోల్పోయి ‘ఎందుకు?’ అని అడుగుతున్న పిల్లవాడు ఈ రెండు ఆజ్ఞల కిందికీ వస్తాడు. అతడు యతీమ్ కూడా, సాయిల్ కూడా. అతని ప్రశ్నను కసరినవాడు ఒకే మాటతో రెండు హద్దులు దాటుతున్నాడు.

ప్రవక్త (స) వారి బాల్యం, ఆయన కన్నీళ్లు

ఈ ఆజ్ఞలు ఎవరిపై అవతరించాయో ఆయన బాల్యమే ఒక యతీమ్ కథ. తండ్రి అబ్దుల్లాహ్ ఆయన పుట్టక ముందే కన్నుమూశారు. ఆరేళ్ల వయసులో, మదీనా నుండి మక్కాకు తిరిగి వస్తుండగా, అబ్వా వద్ద తల్లి ఆమినా మరణించారు. చేరదీసిన తాత అబ్దుల్ ముత్తలిబ్ రెండేళ్లకే కాలం చేశారు. అటు పిమ్మట పినతండ్రి అబూ తాలిబ్ ఇల్లే ఆయన ఇల్లు. ఎన్నో దశాబ్దాల తర్వాత ఆయన తల్లి సమాధిని సందర్శించినప్పుడు ఏడ్చారనీ, చుట్టూ ఉన్నవారిని కూడా ఏడిపించారనీ సహీహ్ ముస్లింలో ఉంది. ఆరేళ్ల పిల్లవాని దుఃఖం ప్రవక్తగా మారిన పెద్దాయన హృదయంలో పదిలంగానే ఉంది. ఆ దుఃఖం ఉన్నంత మాత్రాన విశ్వాసానికి లోటు రాలేదు.

సంతాపం మూడు రోజులేనని మనం పిల్లలకు చెబుతుంటాం. మూడు రోజుల పరిమితి బాహ్యమైన సంతాప చిహ్నాలకు సంబంధించినది. భర్తను కోల్పోయిన స్త్రీకి అది నాలుగు నెలల పది రోజులు. హృదయంలోని బెంగకు షరీఅత్ గడువు పెట్టలేదు. హజ్రత్ ఖదీజా (రజి) మరణించి ఏళ్లు గడిచాక, బద్ర్ ఖైదీల విడుదల కోసం కుమార్తె జైనబ్ (రజి) పంపిన హారం ఖదీజా (రజి) వారిదని చూడగానే దైవప్రవక్త (స) హృదయం ద్రవించింది. యాఖూబ్ (అలై) కుమారుని కోసం ఏడ్చి ఏడ్చి కంటిచూపు పోగొట్టుకున్నారని ఖుర్ఆన్ తెలుపుతుంది. ఆయన తన వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. మొరపెట్టుకోవడం వేరు, తిరస్కరించడం వేరు. ‘ఎందుకు వినలేదు?’ అని అల్లాహ్‌ను అడుగుతున్న పిల్లవాడు ఇంకా అల్లాహ్‌తోనే మాట్లాడుతున్నాడు. అతడు మాట్లాడటం మానేసిన రోజు గురించే మనం భయపడాలి.

జాఫర్ (రజి) ఇంట్లో జరిగినది

దుఃఖంలో ఉన్న పిల్లలతో ఎలా వ్యవహరించాలో దైవప్రవక్త (స) స్వయంగా చేసి చూపారు. హిజ్రీ 8వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 629లో, మూతా యుద్ధంలో ఆయన పినతండ్రి కుమారుడు జాఫర్ (రజి) వీరమరణం పొందారు. ఇంట్లో భార్య అస్మా బిన్తె ఉమైస్ (రజి) పిండి పిసికి, పిల్లలకు స్నానం చేయించి, నూనె రాసి ఉన్నారు. దైవప్రవక్త (స) వచ్చి పిల్లలను పిలిపించారు. వారిని దగ్గరకు తీసుకుని ముద్దాడారు. ఆయన కళ్ల నుండి నీరు కారింది. అస్మా (రజి) కారణం అడిగితే అప్పుడు వార్త చెప్పారు. ఆ పిమ్మట జాఫర్ కుటుంబం కోసం భోజనం వండి పంపమని ఆదేశించారు. ఈనాటికీ మనం పాటిస్తున్న ఆచారానికి మూలం అదే.

అక్కడితో ఆగలేదు. మూడు రోజుల తర్వాత ఆయన మళ్లీ వచ్చారు. మంగలిని పిలిపించి పిల్లలకు క్షౌరం చేయించారు. ఒక్కొక్కరినీ విడివిడిగా పలకరించారు. ఒకడు అబూ తాలిబ్‌ను పోలి ఉన్నాడన్నారు. అబ్దుల్లాహ్ రూపంలోనూ గుణంలోనూ తనను పోలి ఉన్నాడన్నారు. అతని చేయి పట్టుకుని, అతని వ్యాపారంలో శుభం కలగాలని ప్రార్థించారు. తల్లి వారి అనాథత్వాన్ని తలచుకుని వాపోయినప్పుడు, ఇహపరాలలో తానే వారి సంరక్షకుడినని, లేమి గురించి భయపడవద్దని ధైర్యం చెప్పారు. ఈ వృత్తాంతం ముస్నద్ అహ్మద్‌లో ఉంది.

సోదరులారా! ఇందులో ప్రతి అడుగూ మనకు పాఠమే. మొదట ఆయన పిల్లల ముందు కన్నీరు పెట్టారు, దాచుకోలేదు. భోజనం ఏర్పాటు చేశారు. మూడు రోజుల తర్వాత, అందరూ వెళ్లిపోయే వేళకు, తిరిగి వచ్చారు. క్షౌరం వంటి మామూలు పని ద్వారా పిల్లలను రోజువారీ జీవితంలోకి చేయి పట్టి నడిపించారు. వారు తమ వంశంలో ఎవరిని పోలి ఉన్నారో చెప్పి, తండ్రి పోయినా బంధం పోలేదని తెలియజేశారు. భవిష్యత్తు గురించి మాట్లాడారు. బాధ్యత తన తలపై వేసుకున్నారు. ఆ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) పెరిగి పెద్దవాడై, దాతృత్వంలో అరబ్బులందరిలో పేరుపొందారు.

చిన్నపిల్లవాని చిన్న దుఃఖాన్ని కూడా ఆయన తేలికగా తీసుకోలేదు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న చిన్న పిట్ట చనిపోతే, ఆ పిట్టకు ఏమైందని పిల్లవానిని ఆయన పలకరించారు. పిట్ట పేరు, పిల్లవాని పేరు ప్రాస కలిసేలా అడిగిన ఆ పలకరింపు సహీహ్ బుఖారీలో నేటికీ నిలిచి ఉంది. చనిపోయినవారి ఊసెత్తితే పిల్లవాడు బాధపడతాడని మనం తండ్రి పేరే పలకడం మానేస్తాం. దైవప్రవక్త (స) పద్ధతి అందుకు భిన్నం.

మరొక సంఘటన కూడా గుర్తుంచుకోదగినది. ఆయన చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బాలుని మరణం వల్లనే గ్రహణం వచ్చిందని ప్రజలు చెప్పుకున్నారు. పుత్రశోకంలో ఉన్న తండ్రికి ఆ మాట ఊరటనిచ్చేదే. అయినా సూర్యచంద్రులు ఎవరి మరణం వల్లా, ఎవరి పుట్టుక వల్లా గ్రహణం పొందవని ఆయన స్పష్టం చేశారు. తన దుఃఖానికైనా సరే అసత్యమైన ఊరటను అంగీకరించలేదు. మరి మనం పిల్లవానికి ఊరట పేరుతో అల్లాహ్ చెప్పని కారణాలను అల్లాహ్‌కు అంటగట్టవచ్చా? ఫలానా మనిషి ఎందుకు ఇప్పుడే పోయాడో మనకు తెలియదు. తెలియదని చెప్పడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

పిల్లవాడు అన్న మాటలకు తీర్పు చెప్పే ముందు

‘అల్లాహ్ లేడు’, ‘నేను నమాజు చేయను’ అని ఒక పిల్లవాడు అంటే ఇంట్లో కలకలం రేగుతుంది. ఇమామ్‌ల వద్దకు తీసుకువచ్చి ఫత్వా అడుగుతారు. ముందుగా తెలుసుకోవలసినది ఏమిటంటే, యవ్వనం వచ్చే వరకు పిల్లవానిపై కర్మల కలం ఎత్తివేయబడిందని హదీసు. అల్లాహ్ ఎత్తిన కలాన్ని మనం పట్టుకుని రాయకూడదు.

యవ్వనం వచ్చినవారి విషయంలోనూ తొందర తగదు. ఎడారిలో ఒంటెను పోగొట్టుకుని, చావుకు సిద్ధపడినవాడు, అది తిరిగి కనిపించగానే పట్టరాని సంతోషంలో తడబడి, తానే ప్రభువునని, అల్లాహ్ తన దాసుడని తారుమారుగా పలికిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. సంతోషం వల్ల అతడు పొరబడ్డాడని దైవప్రవక్త (స) తెలిపారే తప్ప అతనిని అవిశ్వాసి అనలేదు. సంతోషం నాలుకను తడబడేలా చేయగలిగితే దుఃఖం చేయలేదా?

సందేహం విషయానికి వస్తే, సహాబీలలో కొందరు వచ్చి, నోటితో చెప్పడానికే భయమేసే ఆలోచనలు తమ మనసులో కలుగుతున్నాయని మొరపెట్టుకున్నారు. అలా భయపడటమే స్పష్టమైన విశ్వాసమని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. మృతులు ఎలా లేపబడతారో చూపించమని ఇబ్రాహీం (అలై) అడిగినప్పుడు, ఆయన నమ్మకం లేక కాదు, హృదయ ప్రశాంతి కోసమే అడిగారు. అల్లాహ్ ఆయనను మందలించి పంపలేదు, నాలుగు పక్షుల ద్వారా నిదర్శనం చూపాడు.

ఇమామ్ గజాలీ (రహ్మ) జీవితం కూడా మనకు తెలిసినదే. చిన్నతనంలోనే తండ్రి పోగా, ఆయన, తమ్ముడు అహ్మద్ ఒక సూఫీ మిత్రుని సంరక్షణలో పెరిగారు. తండ్రి విడిచిన కొద్ది సొమ్ము అయిపోయాక, మదర్సాలో చేరితే తిండికి, చదువుకు లోటు ఉండదని ఆ మిత్రుడే దారి చూపాడు. ఆ అనాథ బాలుడు పెద్ద విద్వాంసుడయ్యాడు. అయినా తాను తీవ్రమైన సంశయంలో కొట్టుమిట్టాడిన రోజులు ఉన్నాయని ఆయన స్వయంగా రాసుకున్నారు. ఆ సంశయం తర్కంతో తీరలేదని, అల్లాహ్ తన గుండెలో వేసిన వెలుగుతో తీరిందని ఒప్పుకున్నారు. అంతటి విద్వాంసునికే వాదన చాలనప్పుడు, తండ్రిని పోగొట్టుకున్న పన్నెండేళ్ల పిల్లవానికి అల్లాహ్ ఉనికి గురించి రుజువులు ఏకరువు పెడితే ఏమి లాభం?

‘నా దుఆ ఏమైంది?’

ఈ ప్రశ్నకు జవాబు ఉంది. అయితే అది పిల్లవాని తల మన ఒడిలో ఉన్నప్పుడు చెప్పవలసిన జవాబు, వేలు చూపి చెప్పేది కాదు. విశ్వాసి దుఆ వృథా కాదనీ, అడిగినది లభించడమో, దాని బదులు ఒక ఆపద తొలగడమో, పరలోకం కోసం దాచబడటమో జరుగుతుందనీ హదీసు తెలుపుతుంది. పిల్లవానికి ఇలా చెప్పవచ్చు: ‘బేటా, నీ దుఆలో ఏ లోపమూ లేదు. మీ అబ్బా పోవడం నీ తప్పు కాదు. నీ దుఆ అల్లాహ్ వద్ద భద్రంగా ఉంది. ఆయన ఎందుకు ఇలా నిర్ణయించాడో నాకు కూడా తెలియదు. నాకు కూడా ఏడుపు వస్తోంది. మీ అబ్బా కోసం నువ్వు ఇప్పుడు చేసే దుఆ ఆయనకు చేరుతుంది.’ మనిషి మరణించాక ఆగిపోని పుణ్యాలలో సంతానం చేసే దుఆ ఒకటని మనకు తెలుసు. పోయిన దుఆ గురించి కుమిలిపోతున్న పిల్లవానికి, తండ్రికి తన అవసరం ఇంకా ఉన్నదని తెలియడం ఎంతో ఊరట.

చీకటిలో ఉన్నవాడు అల్లాహ్‌కు దూరమైపోయాడని అనుకోవద్దు. యూనుస్ (అలై) అల్లాహ్‌ను పిలిచినది చీకట్లలో నుండే. రాత్రి చీకటి, సముద్రపు చీకటి, చేప కడుపులోని చీకటి అని వ్యాఖ్యాతలు వాటిని లెక్కపెట్టారు. అక్కడి నుండి వచ్చిన మొరను అల్లాహ్ విన్నాడు.

మన ముందున్న పనులు

మాటలతో సరిపెట్టుకోకుండా చేయవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఇల్లు. తండ్రి పోయిన కొద్ది వారాలకే, తల్లి ఇంకా ఇద్దత్‌లో ఉండగానే, ‘వాని మేలు కోసం’ అని పిల్లవానిని దూరపు హాస్టల్‌కో మదర్సాకో పంపే ఆలోచన చాలామంది పెద్దలు చేస్తారు. చదువు మంచిదే. కానీ ఆ పిల్లవాడు ఒకేసారి తండ్రిని, తల్లిని, ఇంటిని, నేస్తాలను కోల్పోతాడు. వీలైనంత వరకు కొంతకాలం ఆగండి. ఆశ్రయం ముందు అన్న వజ్జుహా వరుసను మరువకండి.

రెండవది, తోడు. షరీఅత్ దృష్టిలో యవ్వనానికి ముందు తండ్రిని కోల్పోయినవాడు యతీమ్, తల్లి బతికి ఉన్నా సరే. కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 మే 29న పి.ఎం. కేర్స్ పథకం ప్రకటించింది. 23 ఏళ్లు నిండేసరికి 10 లక్షల రూపాయలు అందే ఏర్పాటు అందులో ఉంది. తల్లి మిగిలి ఉన్న పిల్లవాడు ఆ పథకం కిందికి రాడు. అటువంటివాడు ముఖ్యంగా మన లెక్కలోకి రావాలి. ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లాలోని యతీమ్‌ల జాబితా రాసుకోవాలి. ఒక్కొక్కరికి ఒక పెద్దమనిషిని, చాచాగానో మామూగానో, బాధ్యుణ్ణి చేయాలి. ఫీజు కట్టడంతో ఆ బాధ్యత తీరదు. వారానికొకసారి వెళ్లాలి, ఈద్‌కు బట్టలు కొనడానికి వెంట తీసుకెళ్లాలి, తండ్రి గురించి మంచి మాటలు చెప్పాలి. యతీమ్‌ను పోషించేవాడు తనకు స్వర్గంలో రెండు వేళ్లంత సన్నిహితంగా ఉంటాడని దైవప్రవక్త (స) వేళ్లు చూపి మరీ చెప్పారు.

మూడవది, ఆస్తి. యతీమ్ సొమ్మును అన్యాయంగా తినేవారు కడుపులో అగ్ని నింపుకుంటున్నారని ఖుర్ఆన్ హెచ్చరించింది. తండ్రి దుకాణాన్ని, ప్లాటును పినతండ్రులు పంచుకుని, పిల్లవానికి నీతులు చెబితే ఆ నీతులను అతడు నమ్మడు. ధర్మం మాట్లాడే నోరు తన అన్నం తింటున్నదని చూసిన పిల్లవాడు ఆ ధర్మాన్నే అసహ్యించుకునే ప్రమాదం ఉంది. ఈ పాపం ఎంత దూరం పోతుందో ఆలోచించండి.

నాలుగవది, వైద్యం. పిల్లవాడు వారాల తరబడి నిద్రపోకపోయినా, తినకపోయినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, ‘నేను కూడా అబ్బా దగ్గరికి పోతాను’ అన్నా, దానిని జిన్ను ప్రభావమనో, ఈమాన్ బలహీనతనో కొట్టిపారేయవద్దు. తావీజుతో సరిపెట్టవద్దు. చికిత్స చేయించుకొమ్మన్నది దైవప్రవక్త (స) ఆదేశమే. మానసిక వైద్యుని వద్దకు తీసుకెళ్లండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, మానసిక వ్యథలో ఉన్నవారి కోసం టెలిమానస్ 14416 నంబర్లు ఉన్నాయి. ఇంటి గౌరవం కన్నా పిల్లవాని ప్రాణం విలువైనది.

అయిదవది, మక్తబ్, మస్జిద్. బోధించే మన హాఫిజ్‌లకు, మౌలానాలకు మనవి: ఒక పిల్లవాడు హఠాత్తుగా సబఖ్ మరచిపోతుంటే బెత్తం తీసే ముందు, వాని ఇంట్లో ఏమి జరిగిందో కనుక్కోండి. కష్టమైన ప్రశ్న అడిగితే తరగతి ముందు సిగ్గుపరచకండి. అస్ర్ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని వినండి. నమాజు మానేసిన పిల్లవాడు ఒక జుమాకు వస్తే, ‘ఇన్నాళ్లు ఎక్కడున్నావు?’ అని అడగకుండా పక్కకు జరిగి చోటివ్వండి.

సోదరులారా! ఆ పిల్లవాడు మన మధ్యనే ఉన్నాడు. ఈ రోజు ఏ వరుసలోనో, బహుశా బయట మెట్ల దగ్గరో ఉండవచ్చు. నమాజు ముగిసి వెళ్లేటప్పుడు ఒకసారి చుట్టూ చూడండి. మీ మొహల్లాలో తండ్రిని లేదా తల్లిని కోల్పోయిన ఒక పిల్లవాని పేరు గుర్తుచేసుకుని, వచ్చే శుక్రవారంలోగా వాని ఇంటికి వెళ్లండి. ఉపదేశం ఏదీ సిద్ధం చేసుకోనక్కర్లేదు. వాని తండ్రి పేరెత్తి పలకరించండి, ఆ తర్వాత వాడు చెప్పేది వినండి.

ఓ అల్లాహ్! మా ఊరి యతీమ్ పిల్లల హృదయాలను నీవే ఓదార్చు. వారి ప్రశ్నలను వినే ఓపికను మాకు ప్రసాదించు. మా మాటల వల్ల ఏ పిల్లవాడూ నీ ద్వారానికి దూరం కాకుండా మా నాలుకలను కాపాడు. చీకటిలో ఉన్నవారిని వెలుగులోకి తీసుకురా. మమ్మల్ని విడిచి వెళ్లిన తల్లిదండ్రుల సమాధులను నీ కారుణ్యంతో నింపు. వారిని, వారి పిల్లలను నీ స్వర్గంలో తిరిగి కలుపు. ఆమీన్.